హీటర్ వేసిన మధ్యాహ్నం

కువైట్‌లో జులై నెల మిట్టమధ్యాహ్నం లారీలో హీటర్ వేసుకుని కూర్చున్న మనిషిని చూస్తే ఎవరైనా ఎండకు మతిపోయిందనే అనుకుంటారు, అనుకోనీ, మెకానిక్ పుల్లయ్యన్న వేయమన్నాడు వేశాను, పూర్తిగా తిప్పమన్నాడు తిప్పాను, ఏసీ జోలికి పోవద్దన్నాడు పోలేదు, కాలు యాక్సిలరేటర్ మీద సన్నగా ఆనించి ఉంచమన్నాడు, ఇంజన్ వేడి చూపించే ముల్లు సగానికి వచ్చి నిలబడేదాకా కదలొద్దన్నాడు, నేను కదలడం లేదు, చెమటే కదులుతోంది, మెడ వెనక మొదలై వీపు మీదుగా ఎక్కడికి పోవాలో అక్కడికి పోతోంది. అల్ రాయ్‌లో ఈ వర్క్‌షాప్ ఉత్త రేకుల షెడ్డు. వేసవిలో మధ్యాహ్నం పూట ఎండలో ఎవరితోనూ పనిచేయించకూడదని ఇక్కడ రూలు, షెడ్డు కిందికి ఆ రూలు రాదు, ఎండ మాత్రం వస్తుంది. నా ఎదుట మూత తెరిచిన రేడియేటర్, దాని వెనక పుల్లయ్యన్న బట్టతల, పక్కన రెండు బకెట్లు, మొదటిదాంట్లో ముందుగా దింపిన పచ్చ నీళ్లు, అంత పచ్చ రంగు ఈ దేశంలో చెట్లకు కూడా లేదు. ఇన్నాళ్లూ ఈ హాఫ్ లారీలో తిరిగింది, ఇంజన్‌ను చల్లబరిచింది ఆ పచ్చ కూలెంటే. ఇళ్లు మారేవాళ్ల సామాన్లు మోసే చిన్న లారీని ఇక్కడ హాఫ్ లారీ అంటారు, మంచాలు, ఫ్రిజ్‌లు, సోఫాలు మోసి మోసి నిన్న ఇంజన్ కాస్త వేడెక్కింది, కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని, ఎక్కడినుంచో ఎర్ర కూలెంట్ డబ్బా తెచ్చి చేతిలో పెట్టాడు, ఇది పోస్తే ఏళ్ల తరబడి మార్చక్కర్లేదు, రేపటి లోడు ఎత్తేలోపల పోయించెయ్ అని వెళ్లిపోయాడు. పోయించడమంటే మూత తీసి పోయడమే కదా అనుకుని వచ్చాను. కాదట. ఈ పచ్చదానికీ ఆ ఎర్రదానికీ పడదట, పచ్చది లోపల కొంచెం మిగిలి ఉండగా ఎర్రది పోస్తే రెండూ కలిసి అంబలిలా చిక్కబడి రేడియేటర్ సన్న గొట్టాల్లో కూర్చుంటాయట. అందుకని పచ్చది దింపి, మంచినీళ్లు పోసి, ఇంజన్ కాగేదాకా నడిపి, ఆ నీళ్లు దింపి, మళ్లీ పోసి, మళ్లీ నడిపి, తేట నీళ్లు వచ్చేదాకా కడగాలట. డాష్‌బోర్డు వెనక హీటర్‌కు కూడా చిన్న రేడియేటర్ ఒకటి ఉంటుంది, హీటర్ తెరిస్తేనే దాంట్లో నిలిచిపోయిన పచ్చ నీళ్లు బయటికొస్తాయి. అదీ సంగతి.

ఇంకే రోజైనా అయితే పుల్లయ్యన్నతో రాజంపేట కబుర్లు చెప్పించుకుంటూ, చాయ్ తాగుతూ, సాయంత్రం దాకా కడిగించేవాణ్ని. ఇవాళ అసర్ అజా, అంటే మూడో జాము నమాజు పిలుపు, వినబడేలోపల నేను సాల్మియాలో ఉండాలి. అక్కడ ఒక ఇంటివాళ్లు అద్దె అంతస్తు ఖాళీ చేసి, ప్రభుత్వం ఇచ్చిన సొంతింటికి మారుతున్నారు, ఆ సొంతిల్లు ఎక్కడో దక్షిణాన సబాహ్ అల్ అహ్మద్‌లో, ఎడారి మధ్యలో కట్టిన కొత్త ఊళ్లో. ఆ ఇంట్లో పనిచేసే మనిషి పేరు రమణి. రమణి నా పెళ్లాం. సామాను మోసే లారీ నాది. ఈ మూడు ముక్కలూ ఒకచోట చేరడానికి మేమిద్దరం పడిన పాట్లు చెబితే పుల్లయ్యన్న కూడా నవ్వుతాడు, చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే ఆ ఇంటి మామాకు, అంటే ఆ ఇంటావిడకు, రమణికి మొగుడు ఈ దేశంలో ఉన్నాడని తెలియదు. వచ్చిన కొత్తలో ఏజెంటే నేర్పించాడు, మొగుడు ఇక్కడే ఉన్నాడంటే ఏ ఇంట్లోనూ పెట్టుకోరమ్మా, వారానికోసారి బయటికి పంపమంటావని, ఏదో ఒకరోజు గోడ దూకి పోతావని భయపడతారు, మొగుడు ఊళ్లో సేద్యం చేసుకుంటున్నాడని చెప్పు అని. రమణి అలాగే చెప్పింది. ఆరేళ్లుగా ఆ ఇంట్లో నేను రాయచోటి దగ్గర టమోటా పండిస్తున్నాను. మామా అప్పుడప్పుడూ అడుగుతుందట, మీ ఆయన పంట ఎలా ఉంది అని, రమణి వానల్లేవు మామా అంటుందట. నా పంట మీద ఆరేళ్లుగా ఒక్క వాన పడలేదు.

ముల్లు కదిలింది. కొంచెమే. హీటర్ గాలి ముఖానికి కొడుతుంటే కళ్లు మూసుకున్నాను, కళ్లు మూసుకుంటే ఇది మదనపల్లె రోడ్డు, తెల్లవారుజాము, వెనక టమోటా బాక్సులు, పక్కన రమణి. పెళ్లయిన కొత్తలో నేను నడిపిన వ్యాను అది. మార్కెట్టుకు వేలం మొదలయ్యేలోగా చేరాలి కాబట్టి చీకట్లోనే బయల్దేరేవాణ్ని, ఒక్కడివే ఎందుకు పోతావు నేనూ వస్తా అని ఎక్కి కూర్చునేది, ఎక్కి కూర్చున్న తర్వాత మాట్లాడుతుందా అంటే మాట్లాడదు, గువ్వలచెరువు ఘాటు చలి కూడా రాకుండానే నా భుజం మీద తల పెట్టి నిద్రపోయేది, గేరు మార్చడానికి చెయ్యి కదిపితే మేలుకుంటుందని ఒకే గేరులో ఎంత దూరం పోయేవాణ్నో, ఇంజన్ మూలిగేది, మూలగనీ అనుకునేవాణ్ని. గువ్వలచెరువు అటువైపు కాదు కదా, కడప రోడ్డులో ఉంది. ఏదో ఒకటి, ఏ రోడ్డయినా ఆమె నిద్రపోయేది. ఆ కొద్ది నెలలే మేము కాపురం చేసింది. తర్వాత ధర లేక వరసగా రెండు కాపుల టమోటా రోడ్డు మీద పారబోశాం, తర్వాత నేను ఇక్కడికి, నా వెనకే ఆమె. ఒకే దేశం కదా, కలిసే ఉన్నట్టు కదా అనుకున్నాం. ఫర్వానియాలో నా గది, సాల్మియాలో ఆమె ఇల్లు, మధ్యలో బస్సెక్కితే ఒక కునుకు తీసేంత దూరం, ఆ దూరం దాటడం మాత్రం రాయచోటి పోయి రావడంకంటే కష్టం.

కలిసేది జమియాలో. అంటే పేటకొకటి ఉండే సహకార సంఘం వాళ్ల పెద్ద అంగడి. మామా ఖుబ్జు రొట్టెలకో పెరుగుకో పంపిన రోజు రమణి నాకొక మిస్డ్ కాల్ ఇస్తుంది, ఆ పక్కన లోడు ఉందా బతికిపోయాను, లేదా ఎవరో ఒకరి మంచం దారి మధ్యలో ఆగిపోతుంది, నేను పోతాను. ఆ ఇంటి డ్రైవరు బయట కారులో ఉంటాడు, వాడి కళ్లకు అద్దంలోంచి లోపల సగం కనిపిస్తుంది. అందుకని ఇద్దరం చెరొక ట్రాలీ తోసుకుంటూ, ఒకరి వెనక ఒకరం, బియ్యం బస్తాల వరస వెంబడి నడుస్తాం. ముందు ఆమె, వెనక నేను. ముఖం చూసుకోవడానికి లేదు, మాటలు మాత్రం. తిన్నావా, తిన్నా. మోకాలి నొప్పి తగ్గిందా, తగ్గింది. ఇంటికి ఫోన్ చేశావా, చేశా. ఆరేళ్లలో నాకు బాగా తెలిసింది రమణి వీపు. జడ పలచబడింది. నడకలో కొంచెం ఎడమకు ఒరుగుతుంది, ముందు ఒరిగేది కాదు. ఒకసారి వరస చివర మలుపు దగ్గర నా చెయ్యి పట్టుకుంది, పట్టుకుని కందిపప్పు ప్యాకెట్టు కోసం వంగినట్టు వంగి ఏడ్చింది, నేను ట్రాలీ అడ్డం పెట్టి నిలబడ్డాను, ఇంకేం చేయను. పిల్లలు కావాలన్నదే ఆ ఏడుపు. అది ఆమె నోటితో అనలేదు. ఫోన్లో అన్నీ జరుగుతాయి, పిల్లలు పుట్టరు. ముప్పై నాలుగు నిండాయి ఆమెకు.

సెలవులూ అంతే. ఆమె సెలవు మామా ఎప్పుడిస్తే అప్పుడు, నాది కఫీల్ ఎప్పుడు సంతకం పెడితే అప్పుడు, ఆ ఇద్దరికీ ఒకరినొకరు తెలియదు, మా ఇద్దరి గురించి అసలే తెలియదు. కిందటిసారి నేను ఊరు చేరేటప్పటికి ఆమె వచ్చి తిరిగి వెళ్లిపోయింది. ఇంట్లో దండెం మీద ఆమె విడిచిన చీర ఒకటి ఉంది, ఉతకడానికి తీసుకుపోతున్న మా వదిన చేతిలోంచి లాక్కున్నాను, వదిన నవ్వింది, నవ్వనీ. సెలవు అయిపోయేదాకా ఆ చీర ఉతకనివ్వలేదు. వాసన మూడో వారానికే పోయింది, అయినా ఉతకనివ్వలేదు.

పుల్లయ్యన్న కిటికీ దగ్గరికి వచ్చి ముల్లు చూసి, ఇంకా కాగాలి, లోపల థర్మోస్టాట్ తెరుచుకోవాలి, అది తెరుచుకుంటేనే నీళ్లు ఇంజనంతా తిరుగుతాయి అన్నాడు. ఇది ఎన్నో కడుగుడు అన్నా, ఇదే చాలుకదా అన్నాను. నీ లారీ, నీ ఇష్టం, అని రెండో బకెట్టు వైపు చూపించాడు. రెండోసారి దింపిన నీళ్లలో కూడా పచ్చ ఛాయ పోలేదు. మనిషి మాట్లాడకుండా అలా చూపించాడంటే నేను నోరు మూసుకోవాలని అర్థం, మూసుకున్నాను, కానీ కాలు యాక్సిలరేటర్ మీద ఉబలాటపడుతోంది. అసలు ఇల్లు మారుతున్నారని రమణి చెప్పినప్పుడు నాకు ఏడుపొచ్చింది. సబాహ్ అల్ అహ్మద్ అంటే నా లోడులు ఎప్పుడో గానీ అటు పోవు, ఆ జమియా నాకు అందదు, ఆ మాత్రం వీపు కూడా ఇకమీదట కనిపించదు. ఆమెకు ఏడుపు రాలేదు, ఆమెకు ఉపాయం వచ్చింది. సందులో గోడకు అతికించిన కాగితంలో హాఫ్ లారీ నంబరు చూశానని మామాకు నా నంబరు ఇచ్చింది. మామా ఫోన్ చేసింది, నేను ఎవరో అన్నట్టు మాట్లాడాను, బేరం కుదిరింది. ఇక రెండో భాగం: మామాకు ప్రాణమైనవి గాజు సామాన్లు, వాళ్ల అమ్మ ఇచ్చిన చాయ్ గ్లాసులు, బంగారు అంచువి, కూలీల చేతికి ఇవ్వదు, కారులో పిల్లలు నిండిపోతారు. కాబట్టి ఆ పెట్టె ఒళ్లో పెట్టుకుని నేను లారీలో ముందు కూర్చుంటా మామా అని రమణి అడుగుతుంది. అంతే. దీనికోసం పదిహేను రోజులుగా ఇద్దరం ఫోన్లో ఒకరికొకరం అప్పజెప్పుకుంటున్నాం, తను మామాలా ఒక ప్రశ్న అడిగి తానే జవాబు చెప్పుకుంటుంది. సాల్మియా నుంచి సబాహ్ అల్ అహ్మద్ దాకా నా పక్క సీట్లో నా పెళ్లాం కూర్చుంటుంది. ముఖం చూడొచ్చు. సీటు నిన్న నేనే తుడిచాను, కొత్త తువ్వాలు పరిచాను, ఇదిగో పక్కనే ఉంది, ఖాళీగా, ఈ హీటర్ గాలికి అది కూడా కాలిపోతోంది.

ఆలస్యమైతే మామా ఇంకో లారీని పిలుస్తుంది, గోడల నిండా నంబర్లే. అందుకని ఇందాక ఒక ఆలోచన వచ్చింది, ఈ రెండుసార్లు కడిగింది చాలు, ఎర్రది పోసేసి పోదాం, ఇవాళ్టికి లాగుతుంది, రేపు ఏమైతే నాకేం అని. దాని వెనకే ఇంకొకటి వచ్చింది, దాన్ని చూసి నాకే సిగ్గేసింది: లాగకపోతే ఇంకా మంచిది కదా. దారి మధ్యలో, అటూ ఇటూ ఇసుక తప్ప ఏమీ లేని చోట ఇంజన్ పొగలు కక్కి ఆగిపోతే, మామా కారు ఎప్పుడో ముందుకు పోయి ఉంటుంది, ఇంకో బండి వచ్చేదాకా ఎంతసేపయినా పట్టొచ్చు, ఆ ఎంతసేపు అన్నది మాదే. ఎవరూ తప్పుపట్టరు, ఇంజన్ చెడిపోయింది, ఎవరేం చేస్తారు. పుల్లయ్యన్నకు ఒక్క మాట చెబితే చాలు, పోసెయ్ అన్నా అని. ఆ మాట నాలుక చివర ఎంతసేపు ఉందో. కానీ ఆగిన ఇంజన్‌తో ఏసీ ఉండదు, ఈ ఎండలో క్యాబిన్‌లో కూర్చోలేం, బయట నిలబడలేం, లారీ నీడలో టైరు పక్కన కూలబడితే రమణి ముఖం ఎర్రబారి, ఊపిరి అందక, అప్పుడు నేను చూసేది ఏ ముఖం. ఈ హీటర్ ముందు కూర్చున్నాక ఆ ముచ్చట తీరిపోయింది. వద్దులే. కడగనీ. ఓ దేవుడా, ఆ ముల్లును కొంచెం కదిలించు.

ముల్లు సగానికి వచ్చి నిలబడింది, కింద గొట్టం చేత్తో పట్టి చూసి పుల్లయ్యన్న వేడెక్కింది అని సైగ చేశాడు, సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. రమణి. పగటి పూట ఆమె ఫోన్ చేయదు. ఎత్తి ఏమీ అనకుండా చెవికి పెట్టుకున్నాను.

“భయ్యా, గాడీ తయ్యార్ హై క్యా?”

హిందీ. పక్కన మామా ఉందన్నమాట. ఆ గొంతు నాకు పెళ్లికి ముందునుంచీ తెలుసు, మేనత్త కూతురు, ఆ గొంతుతో నన్ను భయ్యా అంటుంటే ఈ వేడిలో కూడా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. వస్తున్నాను, ఇంకొంచెంసేపట్లో బయల్దేరుతాను అని హిందీలోనే చెప్పాను. ఆమె వెంటనే పెట్టేయలేదు. గొంతు సన్నం చేసుకుని అదే హిందీలో చెప్పింది, గాజు సామాన్ల పెట్టె పట్టుకుని మా ఇంటి డ్రైవరు మీ లారీలో కూర్చుంటాడు భయ్యా, మామా కారు మామానే నడుపుతుంది, నేను కారులో వస్తాను. ఎందుకు అని అడగడానికి నాకు హక్కు లేదు, లారీవాడికి ఎవరు కూర్చుంటే ఏంటి. వెనకనుంచి మామా గొంతు వినిపిస్తోంది, ఐబ్, ఐబ్ అంటోంది, సిగ్గులేని పని అని. ముక్కూ మొహం తెలియని మగవాడి పక్కన, అంత దూరం, నా ఇంటి ఆడమనిషిని ఒంటరిగా కూర్చోబెడతానా, నన్నేమనుకున్నావు అంటోంది. పదిహేను రోజులు అన్ని ప్రశ్నలూ అప్పజెప్పుకున్నాం, ఈ ఒక్క ప్రశ్న మా ఇద్దరికీ తట్టలేదు. ఎలా తడుతుంది, మాకు మేము పరాయివాళ్లం కాదు కదా. మొగుణ్ని పరాయివాణ్ని చేస్తేనే ఆ ఇంటి గడప తొక్కొచ్చనుకున్నాం, పరాయివాడి పక్కన ఏ ఇల్లాలైనా కూర్చోనిస్తుందా అని ఆలోచించలేదు. మా ఊళ్లో మాత్రం కూర్చోనిస్తారా. మామా చేసింది న్యాయం. ఠీక్ హై బెహన్ అన్నాను. చెల్లెలా అన్నాను నా పెళ్లాన్ని.

అటువైపు ఫోన్ పెట్టేయలేదని తెలుస్తోంది, ఎక్కడో అట్టపెట్టెలకు టేపు లాగుతున్న చప్పుడు, పిల్లవాడి ఏడుపు. నా కాలు యాక్సిలరేటర్ మీదనుంచి జారింది, పుల్లయ్యన్న తలెత్తి చూశాడు. అప్పుడు రమణి గొంతు, నాతో కాదు, అరబ్బీలో, మామాతో.

“మామా, మూ గరీబ్. హాదా జౌజి.”

పరాయివాడు కాదు, నా మొగుడు ఇతనే అని. ఆరేళ్లు దాచిన మాట, ఒక్క ఊపిరిలో. ఆ మాటకు ఉద్యోగం పోతుంది, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు పోతుంది, ఆమెకు తెలియదా, నాకంటే బాగా తెలుసు, నేను వద్దు వద్దు అని ఫోన్లో అరిచాననుకుంటాను, నోరు పెగిలిందో లేదో. మామా ఏదో అడిగింది. రమణి నెమ్మదిగా చెప్పింది. మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పింది. ఆ తర్వాత ఫోన్ చేతులు మారింది, మామా నాతో మాట్లాడింది, నిజమేనా అంది. నిజమే మామా అన్నాను. ఊళ్లో టమోటాలు అంది. లేవు మామా అన్నాను. ఆరేళ్లు నా ఇంట్లో, నా పిల్లలను ఎత్తుకుని, నాకు అబద్ధం చెప్పింది అంది, కోపంగా అనలేదు, కోపంగా అంటే బాగుండేది. దీని సంగతి రేపు మా ఆయన చూస్తాడు, ఉంచుతాడో పంపిస్తాడో నేను చెప్పలేను అంది. ఇవాళ మాత్రం నీ లారీలోనే రానీ, గ్లాసులు జాగ్రత్త, బండి మెల్లగా నడుపు అని ఫోన్ ఆమెకిచ్చేసింది.

పుల్లయ్యన్న మూడోసారి నీళ్లు దింపి, సీసాలో పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూశాడు, దాదాపు తేటగానే ఉన్నాయి, ఇక ఎర్రది పోసేదా మద్దిలేటీ, టైమయిందంటివి కదా అన్నాడు. ఇంకోసారి కడుగన్నా అన్నాను, చెవి దగ్గర ఫోన్ అలాగే ఉంది. రేపు ఏమవుతుందో తెలియదు, ఏ విమానం ఎక్కిస్తారో, ఎన్నాళ్లకు చూస్తానో, చూస్తానో లేదో, ఇవాళ ఈ బండి ఆగకూడదు, ఆమెకు ఎండ తగలకూడదు. కళ్లు తుడుచుకుందామంటే ముఖమంతా చెమటే, ఏది ఏదో తెలియలేదు. అటునుంచి రమణి తెలుగులో పిలిచింది, మామా పక్కనే ఉండగా, దాచుకోకుండా, మామూలు గొంతుతో.

“బావా.”

“ఊఁ.”

“ఆ ఊరు ఎంత దూరముంటాది?”

“మెల్లగా పోతే గంటన్నర పడ్తాది.”

“అంతేనా” అంది.